అర్థం తెలియని పాట ప్రార్థన అవుతుందా?



పోయిన ఈస్టర్‌కి ముందు ఒక శనివారం సాయంత్రం మన ఫెలోషిప్ హాల్లో పాటల ప్రాక్టీసు అయిపోయింది. అందరూ కోట్లు తొడుక్కుంటున్నారు. నేను కుర్చీలు సర్దుతున్నాను. అప్పుడు మన పిల్లల్లో ఒకబ్బాయి నా దగ్గరికి వచ్చాడు. పదిహేనేళ్ళుంటాయి. ఇంగ్లండ్‌లోనే పుట్టాడు. ఇంట్లో అమ్మానాన్నలు తెలుగులో మాట్లాడితే ఇంగ్లీషులో జవాబిస్తాడు. తెలుగు పాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని పాడతాడు. గొంతు మాత్రం చక్కగా పలుకుతుంది.

"ఆంటీ, ఒకటి అడగనా? ఈ పాటలో సగం మాటలు నాకు తెలీవు. అయినా పాడుతుంటే లోపల ఏదో అవుతుంది. ఇది ప్రేయరేనా, లేకపోతే ఊరికే మ్యూజికేనా?" అన్నాడు.

నేను చేతిలో కుర్చీ దించకుండానే, "అర్థం తెలియకుండా పాడితే ఏం లాభం నాన్నా? ముందు మీనింగ్ నేర్చుకో" అనేశాను. వాడు "ఓకే ఆంటీ" అని వెళ్ళిపోయాడు.

తర్వాతి ఆదివారం వాడు పాడేవాళ్ళతో నిలబడలేదు. వెనక వరుసలో కూర్చున్నాడు. ఆ పై ఆదివారం కూడా అంతే. వాళ్ళమ్మని అడిగితే, "పరీక్షలున్నాయి అక్కా, ప్రాక్టీసుకి టైం లేదంటున్నాడు" అంది. పరీక్షలు కారణం కాదని నాకు తెలుసు. ఒక పిల్లవాడు నిజంగా అడిగిన ప్రశ్నకి నేను కుర్చీలు సర్దుతూ జవాబు చెప్పాను. ఆ జవాబు వాక్యానుసారమేనని నన్ను నేను సమర్థించుకోవచ్చు. కానీ ఇంటికి వెళ్ళాక నాకు నిద్రపట్టలేదు. ఎందుకంటే ఒకప్పుడు ఒక్క ముక్క అర్థం కాని పాటలు పెట్టుకుని ఏడాదికి పైగా నిద్రపోయినదాన్ని నేనే. ఆ సంగతి మన సంఘంలో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను.

ఒక డిస్కు కథ

అమ్మ చనిపోయినప్పుడు నేను ఇక్కడ హాస్పిటల్లో నైట్ డ్యూటీలో ఉన్నాను. టికెట్ దొరికి, మూడు చోట్ల దిగి ఊరు చేరేసరికి సమాధి కార్యక్రమం అయిపోయింది. మట్టి ఇంకా తడిగానే ఉంది. తిరిగొచ్చాక నిద్ర పూర్తిగా పోయింది. పగలు పడుకోవాలి, రాత్రి డ్యూటీకి వెళ్ళాలి. కళ్ళు మూస్తే చాలు, నేను ఎక్కని విమానాలన్నీ గుర్తొచ్చేవి.

నాతో పనిచేసే ఫిలిప్పీన్స్ దేశపు నర్సు ఒకామె, నాకన్నా పెద్దది, కాథలిక్. ఒకరోజు నాకొక డిస్కు ఇచ్చింది. "పెట్టుకుని పడుకో, మాటలు అర్థం కాకపోయినా ఫర్వాలేదు" అంది. స్పెయిన్ ఉత్తరాన బుర్గోస్ ప్రాంతంలో సాంతో దొమింగో దె సీలోస్ అనే మఠం ఉంది. అక్కడి బెనెడిక్టిన్ సన్యాసులు లాటిన్‌లో పాడిన గ్రెగోరియన్ గానం అది. డిస్కు పేరు 'చాంట్'.

ఆ డిస్కుకి పెద్ద కథే ఉందని నాకు తర్వాత తెలిసింది. ఆ పాటల్ని రికార్డు చేసింది ఎప్పుడో అంతకు ముందటి దశాబ్దాల్లో. 1994లో ఒక పెద్ద కంపెనీ వాటిని ఏర్చి కూర్చి, ఆకాశంలో మేఘాల మధ్య సన్యాసులు ఉన్నట్టు అట్ట వేసి, ఆధునిక జీవితపు ఒత్తిడికి మందు అన్నట్టుగా అమ్మింది. లక్షల మంది కొన్నారు. అమెరికాలో పాప్, రాక్ ఆల్బమ్‌లతో పోటీపడి అమ్మకాల పట్టికలో 3వ స్థానం దాకా వెళ్ళింది. కొన్నవాళ్ళలో ఎక్కువమందికి లాటిన్ రాదు. చాలామంది ఏనాడూ చర్చికి వెళ్ళినవాళ్ళు కాదు. ట్రాఫిక్‌లో విన్నారు, స్నానం చేస్తూ విన్నారు, నాలాగే నిద్రకోసం విన్నారు.

సన్యాసులు దేవునికి చేసిన ప్రార్థన మనుషులకి నిద్రమందు అయింది. ఇది తప్పా? తప్పయితే ఎవరిది? అమ్మినవాళ్ళదా, కొన్నవాళ్ళదా, పాడినవాళ్ళదా? అంతకన్నా ముందు, నా మంచం పక్కన మోగినది ప్రార్థనేనా? ఆ అబ్బాయి నన్ను అడిగింది కూడా ఇదే ప్రశ్న.

ఆ పాటలో ఏముంది

జవాబు వెతికే ముందు ఆ పాట ఎలా ఉంటుందో చెప్పాలి. వినని వాళ్ళు మనలో చాలామంది ఉంటారు.

మొదటగా, వాయిద్యం ఒక్కటీ లేదు. హార్మోనియం లేదు, తబలా లేదు, మన తంబురా లాంటి శ్రుతి కూడా లేదు. ఉన్నవి మగవాళ్ళ గొంతులు, ఆ రాతి గోడలు. ఇరవై గొంతులున్నా అందరూ పాడేది ఒకే వరుస. కొందరు పైన, కొందరు కింద పలికే పాశ్చాత్య పద్ధతి ఇందులో లేదు. ఎవరి గొంతు ఎవరిదో పోల్చుకోలేం. ఒక్కొక్కసారి ఒకరే ఒక వాక్యం ఎత్తుకుంటారు, మిగతావాళ్ళు అందుకుంటారు. కానీ ఆ ఒక్కరి గొంతులో కూడా 'నన్ను వినండి' అనే ధోరణి ఉండదు.

రెండోది, తాళం లేదు. మన కీర్తనల పుస్తకంలో పురుషోత్తమ చౌదరిగారి లాంటివాళ్ళ కీర్తనలకి పైన రాగం, తాళం అని రాసి ఉంటాయి. గ్రెగోరియన్ గానంలో రాగంతో పోల్చదగినది ఉంది, తాళం మాత్రం లేదు. మాట ఎంతసేపు పడితే పాట అంతసేపే. వాక్యం ఎక్కడ ఆగితే పాట అక్కడ ఆగుతుంది. మనలో పెద్దవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. మన ఊళ్ళలో నాటకాల్లో పద్యం పాడేటప్పుడు తాళం ఉండదు కదా. మాట విరుపుని బట్టి నడిచి, చివర రాగం తీస్తారు. ఆ పద్యాన్ని నలుగురికీ వినపడాలన్న ఆవేశం లేకుండా, గుండెలో చెప్పుకున్నట్టు పదిమంది కలిసి నెమ్మదిగా పాడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. దాదాపు అలా ఉంటుంది.

మూడోది, స్వరాలు. వీటిని ఎనిమిది రీతులుగా విభజించారు. ఒక్కో రీతికి పాట వచ్చి ఆగవలసిన స్వరం ఒకటి, ఎక్కువసేపు నిలబడే స్వరం ఒకటి ఉంటాయి. కీర్తనల గ్రంథాన్ని పాడేటప్పుడు వచనంలో మొదటి సగం దాదాపు ఒకే స్వరం మీద నడిచి చిన్న మలుపుతో ఆగుతుంది. అక్కడ ఒక నిశ్శబ్దం. అవతలి సగం మళ్ళీ అలాగే నడిచి ముగుస్తుంది. ఎదురెదురుగా నిలబడిన రెండు వరుసల వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పాడతారు. దావీదు కీర్తనల్లో ఒకే భావాన్ని రెండు సగాలుగా చెప్పే పద్ధతి మనకి తెలుసు. ఆ కట్టడికి సరిగ్గా సరిపోయే పాట ఇది.

స్వరాలు సాధారణంగా ఒక్కో మెట్టు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. పెద్ద దూకు వచ్చిందంటే కారణం ఉంటుంది. ఆ డిస్కులో మొదటి పాట క్రిస్మస్ రోజు ఆరాధన ప్రారంభంలో పాడేది. మనకొక శిశువు పుట్టాడని యెషయా 9:6లో ఉన్న మాటలే. 'ప్వేర్' అంటే శిశువు. ఆ ఒక్క మాటలోనే పాట మన సంగీతపు లెక్కలో స నుంచి ప కి ఒక్కసారిగా లేస్తుంది. మెట్లు ఎక్కే ఓపిక లేనట్టు, వార్త ఆపుకోలేనట్టు.

నాలుగోది, నాకు అన్నిటికన్నా ఆశ్చర్యమనిపించినది. కొన్ని చోట్ల ఒక్క అక్షరం మీదే పది, ఇరవై, ఇంకా ఎక్కువ స్వరాలు పోతాయి. ముఖ్యంగా అల్లెలూయలో చివరి అక్షరం మీద. అక్కడ మాట అయిపోయింది, పాట మాత్రం అవలేదు. నాలుగో శతాబ్దంలో క్రైస్తవుడైన అగస్టీను ఒక కీర్తనని వివరిస్తూ దీనికి దగ్గరి సంగతే చెప్పాడు. కోతకోసేవాళ్ళూ ద్రాక్షతోటల్లో పనిచేసేవాళ్ళూ మొదట మాటలతో పాడుతూ, సంతోషం మాటల్లో పట్టనప్పుడు మాటలు వదిలేసి గొంతెత్తుతారని, దేవుని ముందు కూడా మనిషికి అలాంటి సంతోషం తగినదని అతని భావం. వరి కోతల్లో మన ఆడవాళ్ళ పాట విన్నవాళ్ళకి ఇది వివరించనక్కర్లేదు.

ఒక చిన్న సంగతి కూడా చెప్పాలి. ఈ గానానికి 590 నుంచి 604 వరకు పోపుగా ఉన్న గ్రెగోరీ పేరు పెట్టారు గానీ, మనకి తెలిసిన రూపం అతని తర్వాత, 8, 9 శతాబ్దాల్లో ఫ్రాంకుల రాజ్యంలో ఏర్పడిందని పండితులు చెప్తారు. మధ్యలో పాడే పద్ధతి చాలా మారింది. 19వ శతాబ్దంలో ఫ్రాన్సులోని సొలెమ్ మఠం సన్యాసులు పాత వ్రాతప్రతుల్ని చదివి దాన్ని మళ్ళీ నిలబెట్టారు. సీలోస్ మఠాన్ని 1880లో తిరిగి తెరిచింది కూడా ఆ కుటుంబానికి చెందిన ఫ్రెంచి సన్యాసులే. అంటే మనం డిస్కులో వినే ఆ మెత్తదనం, ఆ నిదానం, కొంతమంది మళ్ళీ నేర్చుకుని తమ పిల్లలకి నేర్పినట్టు తర్వాతివాళ్ళకి నేర్పితే మిగిలినవి. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ వస్తాను.

నేను నిద్రపోయిన పాట

ఆ డిస్కు పెట్టుకుంటే నాకు నిద్ర వచ్చేది. అది నిజం. నర్సుగా చెప్పాలంటే కారణం కష్టమైనదేమీ కాదు. హఠాత్తుగా పెరిగే శబ్దం లేదు. వేగం లేదు. పాడేవాళ్ళు ఎక్కడ ఊపిరి తీసుకుంటే వినేవాళ్ళూ అక్కడ ఊపిరి తీసుకుంటారు. తెలియకుండానే శ్వాస నిదానిస్తుంది. అర్థం తెలియకపోవడం కూడా అందుకు సాయపడింది. మాటలు తెలిస్తే మనసు వాటి వెంట పోతుంది కదా.

ఏడాదికి పైగా అలా గడిచింది. తర్వాత శ్రమల వారంలో ఆ నర్సు నన్ను తన చర్చికి రమ్మంది. శుభ శుక్రవారం మధ్యాహ్నం వెళ్ళాను. మధ్యలో నలుగురు లేచి వాయిద్యం లేకుండా ఒక పాట ఎత్తుకున్నారు. మొదటి రెండు స్వరాలకే గుర్తుపట్టాను. నా పాట. నేను నిద్రపోయే పాట. చేతిలో ఉన్న కాగితంలో దాని అర్థం ఇంగ్లీషులో ఉంది. చదివాను.

అది ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 2:8, 9 వచనాలు. క్రీస్తు మనకోసం మరణం పొందేంతగా, అదీ సిలువ మరణం పొందేంతగా విధేయుడయ్యాడనీ, అందుకే దేవుడు ఆయన్ని ఎంతో హెచ్చించాడనీ. పాట కూడా ఆ మాటలు చెప్పినట్టే నడుస్తుంది. విధేయత, మరణం ఉన్న మొదటి భాగం చాలావరకు కింది స్వరాల్లో, వంగినట్టు ఉంటుంది. హెచ్చించడం మొదలైన దగ్గరనుంచి గొంతులు పైకి, ఇంకా పైకి వెళ్తాయి. అది నా సొంత భాషలో చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చిన వాక్యం. అమ్మ చెప్పి చెప్పి నేర్పిన వాక్యం. దాన్నే నా చెవిలో ఏడాదిపాటు పాడుతుంటే నేను గురకపెట్టి నిద్రపోయాను.

ప్రభువు గెత్సేమనేలో ప్రార్థిస్తుంటే రాయి విసిరేంత దూరంలో శిష్యులు నిద్రపోయారు. నాకు అక్కడే, ఆ చర్చి బల్ల మీద కూర్చుని ఉండగానే, ఆ సంగతి తగిలింది. ప్రార్థన ఆయనది, నిద్ర మాది.

కానీ అంతకన్నా లోతుగా గుచ్చినది ఇంకొకటి ఉంది. అమ్మ బతికున్నప్పుడు ప్రతి ఆదివారం రాత్రి ఫోన్ చేసేది. మాటలు అయ్యాక, "ప్రార్థన చేస్తానమ్మా, కళ్ళు మూసుకో" అనేది. నేను ఫోన్ స్పీకర్ మీద పెట్టి గిన్నెలు కడిగేదాన్ని. పది నిమిషాలు, ఒక్కోసారి పదిహేను నిమిషాలు. చప్పుడు వినపడకుండా కుళాయి సన్నగా తిప్పేదాన్ని. చివర "ఆమేన్" మాత్రం సమయానికి అనేదాన్ని. అమ్మ మాట్లాడింది లాటిన్ కాదు. ప్రతి మాట నాకు తెలుసు. కానీ ఆ మాటల్లో ఈరోజు నాకు ఒక్కటి కూడా గుర్తులేదు.

రెండు భయాలు

ఇప్పుడు ప్రశ్న దగ్గరికి వద్దాం. మన సంఘాల్లో చాలామంది వెంటనే చెప్పే జవాబు నేను ఆ అబ్బాయికి చెప్పినదే. అది తేలిగ్గా తీసిపారేసే జవాబు కాదు. పౌలు కొరింథీయులకు మొదటి పత్రిక 14వ అధ్యాయంలో ఆత్మతోనూ పాడాలి, మనసుతోనూ పాడాలి అన్న భావం చెప్తాడు. అర్థంకాని భాషలో చేసిన ప్రార్థనకి పక్కవాడు ఆమేన్ ఎలా అంటాడని అడుగుతాడు. ఇందుకోసమే లూథరు 1526లో జర్మను భాషలో ఆరాధన క్రమాన్ని తయారుచేశాడు. కాథలిక్ సంఘం కూడా 1963 నాటి వాటికన్ సభ నిర్ణయంలో గ్రెగోరియన్ గానానికి ప్రధాన స్థానం ఉంచుతూనే, ప్రజల భాషలకి ఆరాధనలో తలుపు తెరిచింది. దేవుని మాట మనుషులకి తెలియాలి. తెలియనివ్వకపోవడం పాపం. ఇందులో సందేహం లేదు.

అగస్టీనుకి ఇంకో భయం ఉండేది. తన జీవితాన్ని దేవునికి ఒప్పుకుంటూ రాసిన గ్రంథం పదో భాగంలో ఆ సంగతి రాశాడు. విశ్వాసంలోకి వచ్చిన కొత్తలో సంఘం పాడే పాట విని ఏడ్చినవాడు అతను. తర్వాత అతనికి అనుమానం వచ్చింది. నన్ను కదిలిస్తున్నది పాటలోని మాటా, పాడే గొంతా? అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియస్ కీర్తన చదివేవాళ్ళని దాదాపు మాట్లాడినట్టే చదవమనేవాడని గుర్తు చేసుకున్నాడు. చివరికి పాట ఉండాలనే అన్నాడు. బలహీనుల హృదయం పాట ద్వారా లేస్తుందని ఒప్పుకున్నాడు. కానీ పాడుతున్న సత్యం కన్నా పాడే తీరే తనను ఎక్కువ కదిలించినప్పుడు అది తన పాపమేనని కూడా ఒప్పుకున్నాడు.

గమనించండి. అగస్టీనుకి లాటిన్ మాతృభాష. అర్థం తెలియక కాదు అతని భయం. అర్థం పూర్తిగా తెలిసినవాడు కూడా పాటలో రుచి దగ్గర ఆగిపోవచ్చని అతను కనుక్కున్నాడు. మన కీబోర్డు బాగా వాయించిన రోజు, స్పీకర్లు గట్టిగా మోగిన రోజు, "ఈరోజు ఆరాధన ఎంత బాగుందో" అంటూ ఇంటికి వెళ్తాం కదా. ఏం పాడామో దారిలో ఎవరైనా అడిగితే చెప్పగలమా?

పరిశుద్ధ గ్రంథంలో పాటని మందుగా వాడుకున్న రాజు ఉన్నాడు. దావీదు సితార వాయిస్తే సౌలు సేద తీరాడని మొదటి సమూయేలు 16వ అధ్యాయం చెప్తుంది. అందులో దావీదు తప్పు లేదు. బాధలో ఉన్నవాడికి ఉపశమనం ఇవ్వడం ప్రేమే. అయితే రెండు అధ్యాయాలు తిప్పితే, అదే దావీదు వాయిస్తూ ఉండగానే అదే సౌలు ఈటె విసిరాడు. పాట సౌలు నరాల దాకా వెళ్ళింది. మనసు దాకా వెళ్ళనివ్వలేదు అతను.

ఇక రెండో వైపు. అర్థమే అంతా అంటే చంటిపిల్లల సంగతేమిటి? అమ్మ ఒడిలో పడుకుని విన్న పాటలో మనకి ఏం అర్థమైంది? మతి తప్పిన ముసలివాళ్ళ సంగతేమిటి? నా వార్డులో పిల్లల పేర్లు కూడా మర్చిపోయిన ఒక పెద్దాయన ఉండేవాడు. ఎవరైనా పాత హిమ్ ఎత్తుకుంటే మొత్తం పాడేవాడు. అది ప్రార్థన కాదని చెప్పే ధైర్యం నాకు లేదు. ఎలా ప్రార్థించాలో మనకు తెలియనప్పుడు మాటల్లో చెప్పలేని మూలుగులతో ఆత్మ మనకోసం విజ్ఞాపన చేస్తాడని రోమీయులకు రాసిన పత్రిక 8వ అధ్యాయంలో చదువుతాం. అల్లెలూయ చివర మాటలేని ఆ దీర్ఘం కూడా అదే సాక్ష్యం చెప్తోంది.

ఎక్కడ గీత గీయాలి?

నేను చాలా రోజులు ఆలోచించి తెలుసుకున్నది ఇది. గీత అర్థం తెలియడానికీ తెలియకపోవడానికీ మధ్య లేదు. తెలియకపోవడానికీ, తెలుసుకోవాలని లేకపోవడానికీ మధ్య ఉంది.

ఆ అబ్బాయికి మాటలు తెలియవు. కానీ 'ఇదేమిటి' అని అడిగాడు. నాకు అమ్మ మాటలు తెలుసు, కానీ వినలేదు. మా ఇద్దరిలో ప్రార్థనకి దగ్గరగా ఉన్నది ఎవరు? వాడే. మనం ప్రేమించేవాళ్ళు అర్థంకాని భాషలో మాట్లాడితే ఊరుకోం. "ఏమన్నావు?" అని అడుగుతాం. ఆ అడగడమే ప్రేమ. అడగడం మానేస్తే, భాష వచ్చినా రానట్టే. కాబట్టి వాడి ప్రశ్న వాడి ప్రార్థనలో లోపం కాదు. అది ప్రార్థన మొదలైందనడానికి గుర్తు. దాన్ని నేను కుర్చీలు సర్దుతూ ఆర్పబోయాను.

అయితే అర్థం అక్కర్లేదా? అక్కర్లేదని ఎవరైనా అంటే వాళ్ళు కూడా తప్పే. ఏడాదిన్నర పాటు నేను అడగలేదు. నాకు శాంతి ఇస్తున్న ఈ మనుషులు ఎవరితో మాట్లాడుతున్నారు, ఏం చెప్తున్నారు అని ఒక్కసారీ అనుకోలేదు. నాకు కావలసింది నిద్ర, అది దొరికింది, చాలు అనుకున్నాను. దుఃఖంలో ఉన్న మనిషిని ప్రభువు ఇందుకు గట్టిగా తప్పుపట్టడని నా నమ్మకం. శిష్యులు దుఃఖం వల్లే నిద్రపోయారని లూకా ప్రత్యేకంగా రాశాడు. ఆ ఒక్క మాట నాకు ఎంతో ఆదరణ. కానీ ప్రభువు వాళ్ళని అలా వదిలెయ్యలేదు. వచ్చి లేపాడు. నన్ను ఆ శుక్రవారం లేపినట్టు. మందుగా మొదలైన పాట మందుగానే ముగిసిపోతే అది మనకి నష్టం.

బెనెడిక్టు 6వ శతాబ్దంలో తన సన్యాసులకి నియమావళి రాశాడు. వారంలో నూట యాభై కీర్తనలూ పూర్తికావాలని అందులో ఏర్పాటు చేశాడు. 19వ అధ్యాయంలో, పాడేటప్పుడు మన మనసు మన గొంతుతో ఏకీభవించేలా నిలబడాలన్న అర్థంలో ఒక మాట చెప్పాడు. మొదటిసారి విన్నప్పుడు నేను తిరగేసి రాశారేమో అనుకున్నాను. మనం మామూలుగా గొంతు మనసుతో ఏకీభవించాలంటాం కదా? ముందు లోపల ఉండాలి, తర్వాతే పైకి పాడాలి, లేకపోతే వేషధారణ అంటాం. బెనెడిక్టు లెక్కలో గొంతు ముందు వెళ్తుంది. మనసు వెనక నడిచి వచ్చి దాన్ని అందుకోవాలి.

ఆలోచిస్తే మన అనుభవం కూడా ఇదే. చిన్నప్పుడు కంఠతా పట్టిన వాక్యాలు మనసుకి అందింది ఎప్పుడు? ఇరవై ఏళ్ళకి, నలభై ఏళ్ళకి, ఒక్కోటి ఒక్కో సమాధి దగ్గర. అమ్మ నా గొంతులో ముందే పెట్టి వెళ్ళింది. మనసు ఇప్పుడిప్పుడే వెళ్ళి కలుసుకుంటోంది. గొంతు ముందు వెళ్ళడం వేషధారణ కాదు. మనసుని ఎప్పటికీ బయలుదేరనివ్వకపోవడమే వేషధారణ.

మరి మనం ఏం చెయ్యాలి?

రికార్డు గురించి ఒక మాట. ఆ సన్యాసుల్లో కొందరు ఇప్పుడు బతికి ఉండకపోవచ్చు. డిస్కు అలసిపోదు, ఎన్నిసార్లయినా పాడుతుంది. కానీ డిస్కు ప్రార్థించదు. వాళ్ళు ఒకరోజు, ఒక గదిలో, ఊపిరి పీల్చి ప్రార్థించారు. అది మనకి అందిన ఉత్తరం లాంటిది. ఉత్తరాన్ని దిండు కింద పెట్టుకుని నిద్రపోవచ్చు, తప్పులేదు. కానీ ఎప్పుడో ఒకప్పుడు విప్పి చదవాలి. యూట్యూబ్‌లో రోజంతా మన ఇళ్ళలో మోగే తెలుగు ఆరాధన పాటలకి కూడా ఇదే మాట వర్తిస్తుంది. వంట చేస్తూ వినండి, కారులో వినండి. రోజులో ఒక్క పాటకైనా పొయ్యి ఆపి నిలబడండి.

పిల్లల గురించి ఇంకో మాట. మన కమిటీ మీటింగుల్లో ప్రతి ఏడాదీ అదే గొడవ. తెలుగు పాటలు ఉంచాలా, పిల్లలకోసం ఇంగ్లీషుకి మారాలా? ఒక వైపు వాళ్ళు అర్థం అంటారు, ఇంకో వైపు వాళ్ళు మన భాష అంటారు. రెండు వైపులా ఉన్నవాళ్ళు మర్చిపోతున్నది ఒకటుంది. అర్థం దానంతటది రాదు, ఎవరో కూర్చుని చెప్పాలి. పాతబడి మరుగునపడిన పాటని ఆ ఫ్రెంచి సన్యాసులు ఓపిగ్గా చదివి, నేర్చుకుని, పక్కవాడికి నేర్పారని చెప్పాను కదా. పిల్లలకి అర్థం కావట్లేదని ఫిర్యాదు చేసే ముందు, ఎన్నిసార్లు మనం వాళ్ళ పక్కన కూర్చుని ఒక్క పాట విడమరిచి చెప్పాం? నన్ను నేను అడుగుతున్నాను, మిమ్మల్ని కాదు.

పోయిన నెలలో నేను ఆ అబ్బాయి దగ్గరికి వెళ్ళాను. "నాన్నా, ఆరోజు నీకు తప్పు జవాబు చెప్పాను" అన్నాను. పెద్దవాళ్ళు అలా అనడం వాడికి కొత్త, కంగారుపడ్డాడు. అమ్మ సంగతి, డిస్కు సంగతి, గిన్నెల సంగతి అన్నీ చెప్పాను. విని కాసేపు ఊరుకుని, "మరి నాది ప్రేయరేనా ఆంటీ?" అన్నాడు. "మొదలైంది నాన్నా. మిగతాది కలిసి చేద్దాం" అన్నాను.

ఇప్పుడు శనివారాల్లో ప్రాక్టీసుకి అరగంట ముందు వస్తున్నాం. వారానికి ఒక్క పాట. మాట మాటకీ అర్థం చెప్పుకుంటాం. కొన్ని పాత గ్రాంథికం మాటలు నాకే తెలియవు, పాస్టర్ గారిని అడుగుతాం. ఇప్పుడు నలుగురు పిల్లలు వస్తున్నారు. పాట అయ్యాక వాయిద్యాలు లేకుండా, మైకు లేకుండా, అందరం ఒకే గొంతుతో ఒకసారి పాడి, వెంటనే లేవకుండా కొంచెంసేపు మౌనంగా కూర్చుంటాం. ఆ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నానో మీకు ఇప్పుడు తెలుసు.

ప్రభువా, మేము విన్నవాటిలో మనసుపెట్టి విన్నది కొంచెమే. మాకోసం ప్రార్థించినవాళ్ళ ప్రార్థనల్ని వృథా పోనివ్వకు. మా గొంతులు ఎక్కడిదాకా వెళ్ళాయో మా మనసుల్ని కూడా అక్కడిదాకా నడిపించు. మా పిల్లలు అడిగినప్పుడు చేతిలో పని కింద పెట్టి జవాబు చెప్పే కృప మాకు ఇవ్వు. ఆమేన్.